చెదపుట్టకు రెండు తలుపులు

హైదరాబాద్,
మే 6

ప్రియమైన నాయనకు,

ప్రభువు కృప వల్ల ఇక్కడ క్షేమం. నీ చెవులకు ఫోను, నీ కళ్లకు మెసేజీలు పనికిరాకుండా పోయాక మనింట్లో ఉత్తరాలు మళ్లీ మొదలయ్యాయి కదా, ఇవాళ అందుకు సంతోషంగా ఉంది. ఈ మాట నీ మొహం చూస్తూ చెప్పలేను. అమ్మకు వినిపించకు, ముందు నువ్వొక్కడివే చదువు.

పోయిన నెల మంచిర్యాల మీటింగుకు నిన్నూ మొగిలి కాకనూ పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకు కమాన్‌పూర్ పక్కన కొత్త టౌన్ కడుతున్నారు కదా. అందులో కింద అంగళ్లు, బడి, దవాఖాన, పైన రెండొందల ఇళ్లు ఉండే పెద్ద కట్టడానికి నా నమూనానే ఎంచుకున్నారు. ఏసీ లేకుండా ఇళ్లు చల్లగా ఉంటాయి. భూమిలోని కాలువల గుండా చల్లగాలి ఇళ్లలోకి వస్తుంది, వేడిగాలి మధ్యలోని ఎత్తైన బురుజులోంచి పైకి పోతుంది. ఈ ఆలోచన ఎక్కడిదని కమిటీవాళ్లు అడిగితే, చెదపుట్టను చూసి నేర్చుకున్నానని మైకులో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వూ కొట్టావు.

నాయనా, చెదపుట్టను నేను పుస్తకంలో తప్ప సరిగ్గా చూసింది లేదు. నాకు తెలిసిందల్లా మన క్వార్టర్లో నువ్వు చాక్‌పీసుతో నేల మీద గీసిన బొమ్మ. గనిలోకి గాలి వచ్చే దారి, బయటికి పోయే దారి, మధ్యలో నువ్వు చూసుకునే తలుపులు. క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తిని ఊది ఆర్పి, పొగ ఎటు లాగుతుందో చూపించేవాడివి. "గాలికి బద్దకం బిడ్డా. దగ్గరి తొవ్వ దొరికితే దూరం పోదు" అనేవాడివి. నా డ్రాయింగులో ఉన్న బాణాలన్నీ నీవే.

గని కోసం ఊరు పోగొట్టుకున్నవాళ్లకు గని లాంటి ఇల్లు కడుతున్నానని ఎలా చెప్పను అనుకున్నాను. మా ఆఫీసు పెద్ద సారిక మేడంతో కూడా అదే అన్నాను. కానీ అది సగం నిజమే. బళ్లో పిల్లలు నన్ను "గాలి తలుపుల స్తెఫను బిడ్డ" అని పిలిచి, తలుపులు తీసి మూసేది కూడా ఒక పనేనా అని నవ్వితే, ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. ఆ సిగ్గు నాతోపాటు మైకు దాకా వచ్చింది. నీకు ఎలాగూ వినపడదన్న ధైర్యం కూడా తోడైంది. అది తలుచుకుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తోంది. నన్ను క్షమించు.

నీ బిడ్డ,
సుజిత


గోదావరిఖని,
మే 11

ప్రియ కుమార్తె సుజితకు నీ తండ్రి స్తెఫను దీవించి వ్రాయునది.

ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివి వినిపించాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మార్తమ్మ దగ్గర ఏదీ దాచలేకపోయాను, ఇప్పుడు కొత్తగా ఏం నేర్చుకుంటాను? ఇద్దరం కాసేపు ఏడ్చి, తర్వాత టీ తాగాం.

నువ్వు అన్న మాట నాకు ఆ రోజే తెలుసు. మొగిలి పక్కన కూర్చుని, ఆహ్వాన కార్డు వెనక ప్రతి మాటా రాసి చూపిస్తూనే ఉన్నాడు. చెదపుట్ట దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి నా మొహం చూశాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "గదేందిరా, పురుగు పేరు చెప్పింది, నీ పేరు యాదికి రాలేదా?" అని అరిచాడు. బస్సంతా విన్నది, నాకు కూడా వినపడింది. బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. రెండు ఆదివారాలు చర్చిలో పాట నోట పలకలేదు. నీ ఉత్తరంతో అది పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు తెర మీద నీ బొమ్మ చూశాను. అందులో తప్పుంది. పురుగు దగ్గర నేర్చుకున్నదానికి నేనేం చెప్పేదిలే అని పంతం పట్టి ఊరుకున్నాను, అది నా తప్పు. అంగళ్ల నుంచి పైకి పోయే మెట్లు బురుజులోనే పెట్టి, దానికి ఒక్కటే తలుపు పెట్టావు. జనం వస్తూ పోతూ ఉంటే అది పొద్దంతా తెరిచే ఉంటుంది. బురుజు అంగళ్ల గాలినే లాగుతుంది, పై ఇళ్ల దిక్కు చూడదు. మన ఎండల్లో ఆ ఇళ్లు ఉడికిపోతాయి. చెదపురుగులు కూరగాయల సంచులు పట్టుకుని మెట్లెక్కవు కనుక వాటికి ఈ తిప్పలు లేవు. గనిలో గాలి దారికి ఎప్పుడూ రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. నీకు చెప్పాను, మరిచిపోయావు.

పని మొదలుకాక ముందే కమిటీకి చెప్పు. నా పేరు అక్కర్లేదు, రెండో తలుపు పెట్టు.

ఇట్లు,
నీ తండ్రి స్తెఫను


కమాన్‌పూర్,
మే 19

నాయనా, అమ్మా, ఇద్దరికీ వందనాలు.

ఇవాళ ఇక్కడ ఊరివాళ్లను పిలిచి కమిటీ మీటింగు పెట్టింది. రెండో తలుపంటే నాలుగు అంగళ్ల జాగా పోతుందని, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే పని వేరేవాళ్లకు వెళ్తుందని మేడం భయపడింది. నాకూ భయమే. అయినా లేచి, నా డ్రాయింగులో తప్పుందని చెప్పాను. ఎవరు పట్టుకున్నారని అడిగారు.

"మా నాయన. ఈ గాలి దారి కూడా ఆయనదే, చెదపుట్టది కాదు. గనిలో ముప్పై ఏళ్లు గాలి తలుపులు చూసుకున్నాడు" అన్నాను. 

వెనక నుంచి లింగవ్వ అనే పెద్దామె లేచింది. "ఏ స్తెఫను? గాలి తలుపుల స్తెఫనా?"

"అవునవ్వా."

"గా ముచ్చట ముందుగాల చెప్పద్దా బిడ్డా? చెదపుట్ట లెక్క ఇండ్లు కడ్తున్నరంటే, మేం గా ఇండ్లల్ల ఉండమని ఊరంత సంతకాలు పెడ్తున్నం. ఇంటికి చెద పడితెనే ఏడుస్తం, ఇల్లే చెదపుట్ట అయితె ఎట్ల? మా ఆయన గనిల ఇరవై ఏండ్లు స్తెఫనన్న పంపిన గాలి పీల్చిండు. ఒక్కనాడు ఊపిరాడలేదని అనలే."

ఆమె చేతిలో నిజంగానే సంతకాల కాగితం ఉంది. దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. నేను అందరి ముందే ఏడ్చాను నాయనా, ఏం చెయ్యను.

పని మా దగ్గరే ఉంది, రెండు తలుపులతో మళ్లీ గీసి తెమ్మన్నారు. తలుపులు బిగించిన రోజు నువ్వు వచ్చి చూడాలని లింగవ్వ షరతు పెట్టింది. వస్తావని మాట ఇచ్చేశాను. కొవ్వొత్తి తెచ్చుకో. ఈసారి ముందు వరుసలో కూర్చోబెట్టను, నా పక్కన నిలబడాలి.

ఇట్లు,
గాలి తలుపుల స్తెఫను బిడ్డ