కొలతకు ఏరిన కానాగంతలు

2 ఫిబ్రవరి 1981
పొద్దున్నే ఫిషింగ్ హార్బరు. సరంగు ఎర్రయ్య తన బోటులోంచి స్వయంగా గంప తెచ్చి ముందు పెట్టాడు. యాభై కానాగంత చేపలు కొలిచాను. అన్నీ జానెడు దాటినవే! రెండేళ్లుగా ఇదే పని... సముద్రంలో చేప ఎంతుందో ఈ గంపల్ని బట్టి నేను చెప్పాలి. ఎదిగినవి ఇన్ని పడుతున్నాయంటే లోపల కొదవ లేనట్టే.

5 ఫిబ్రవరి
రిపోర్టు టైపుకి ఇచ్చాను. అది బాగుంటే కొత్త బోట్లకు అనుమతి. ఎర్రయ్య కూడా ఒకటి అడిగి ఉన్నాడు. ఇన్ని కొలతలు చాలవేమోనంటే ఆఫీసరు గారు నవ్వారు — "అన్నమంతా పట్టి చూస్తామా? ఒక్క మెతుకు చాలదూ!"

6 ఫిబ్రవరి
కొలబద్ద హార్బరులోనే మర్చిపోయి వెనక్కి వెళ్లాను. ఎర్రయ్య భార్య పోలమ్మ అమ్మకానికి కూర్చుంది. ముందు కానాగంతల కుప్ప — అన్నీ వేలెడు. ఎక్కడివి?
"మా బోటువే బాబూ. మీకయితే పెద్దయ్యే ఏరి పెడతాడు మా ఆయన. ఆపీసరోలికి పిల్లసేపలెట్టీడానికి సిగ్గు నేదేటి?"
రెండేళ్లు! నా మొహం మండ. మెతుకు నేను పట్టలేదు, వాళ్లే ఏరి చేతిలో పెట్టారు.

7 ఫిబ్రవరి
ఆఫీసరు గారికి చెప్పేశాను. తిట్టలేదు. "పది రోజులు ఆపగలను. మళ్లీ కొలుచుకు రా."

8 ఫిబ్రవరి
ఎర్రయ్యకి చెప్పాను — ఏరొద్దు, చిన్నవి కూడా కావాలి. మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సిన్నయ్యేటి సేసుకుంతారు బాబూ?" చివరికి సరేనన్నాడు. చిన్నవే ఎక్కువుంటే అతని కొత్త బోటు రాదని మాత్రం చెప్పలేదు. పిరికివాణ్ణి.

11 ఫిబ్రవరి
చిన్నవే.

14 ఫిబ్రవరి
ఇవాళ ఒక్కటి కూడా జానెడు లేదు. భయం వేస్తోంది. సముద్రం ఇంతగా ఖాళీ అయిపోయిందా?

17 ఫిబ్రవరి
ఆఖరి గంప. అన్నీ వేలెడే. ఎర్రయ్య మొహం వెలిగిపోతోంది.
"కూకోని ఏరినాం బాబూ. పెద్దదొక్కటి నేకండా నాను సూసినాను."
ఎన్నాళ్లుగా?
"ఎన్నాల్లేటి? మీరు సెప్పిన కాడి నుండీ. సిన్నయ్యే గదేటి మీకు కావాల!"
నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన బోటుకి తనే అడ్డం పడ్డాడు, అదీ నా మీద మర్యాదతో.
రేపు పదింటికి ఆఫీసరు గారికి లెక్క చెప్పాలి. రెండేళ్ల పెద్ద చేపలు, పది రోజుల చిన్న చేపలు... సముద్రంలో ఎంతుందో నాకు తెలీదు.
వచ్చేస్తుంటే వెనక నుంచి కేకేశాడు — "రేపెలాటియి ఏరమంతారు బాబూ?"