టేపు మీద తేదీ

జూన్ 4
ఆటల హాలు ఓనర్ ఫోన్ చేశాడు. పందొమ్మిదేళ్లుగా గోడౌన్‌లో పడున్న గుర్రాన్ని, కాయిన్ వేస్తే పిల్లల్ని ఎక్కించుకుని ఊగేదాన్ని, మళ్లీ ఆడించాలట. ఇప్పటి టెక్నీషియన్లకు బోర్డు మార్చడమే రిపేరు. అందుకే ముసలివాణ్ణి వెతుక్కున్నాడు. ఒప్పుకున్నాను. ఆ గుర్రం పొట్టలో నా తోడల్లుడి తప్పు ఇంకా అలాగే ఉంటుంది. ఫోటో తీసి, ఫ్రేమ్ కట్టించి వాడికే పంపిస్తాను.

జూన్ 5
రాసి పెట్టాలి. తోడల్లుడూ నేనూ కలిసి రిపేర్ షాపు నడిపేవాళ్లం. వాడికి నేను పెట్టిన పేరు తొందరయ్య. స్క్రూ బిగించకముందే టీకి లేచే రకం. ఆ గుర్రాన్ని వాడు అప్పగించిన మర్నాడే బాడీకి కరెంటు పాకింది. ఎక్కిన పాప అరచేయి కాలింది. గుర్రాన్ని గోడౌన్‌లో పడేశారు. ఎర్త్ కలపకుండా మూసేశాడని అందరి ముందూ కడిగేశాను. మెషిన్ విప్పి చూడలేదు. చూడనక్కర్లేదనిపించింది. వాడు ఎదురు చెప్పలేదు. తప్పున్నవాడు ఏం చెబుతాడు? షాపు వదిలి సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటున్నాడు. అక్కాచెల్లెళ్ల రాకపోకలూ మాన్పించాను. ఎనిమిదేళ్ల కిందట నా భార్య పోయిన రోజు కూడా వాణ్ణి గుమ్మం దాటనివ్వలేదు.

సరిగ్గానే చేశాను.

జూన్ 6, ఉదయం 11
గుర్రం వెనక తలుపు తీసి మీటరు పెట్టాను. మోటారు నుంచి బాడీకి లీక్. ఎర్త్ వైరు విప్పేసి ఉంది. నవ్వొచ్చింది. ఫోటో కోసం టార్చి దగ్గరగా పట్టాను.

వైరు కొసకు నల్ల టేపు చుట్టి ఉంది. టేపు మీద తెల్ల పెయింటుతో తేదీ. ఏడు అంకెకు నడుం దగ్గర అడ్డగీత.

విప్పిన వైరుకు తేదీ వేసే చాదస్తం మా షాపులో ఒక్కడిదే. ఆ అడ్డగీతా వాడిదే. నాది.

జూన్ 6, మధ్యాహ్నం
పాత డైరీ తీశాను. ఆ తేదీన నా రాతే: “గుర్రం ఒక కాయిన్‌కు రెండు ఆటలిస్తోంది. ఎర్త్ వైరు నుంచి వచ్చే కరెంటు గడబిడ వల్లేనా అని దాన్ని విప్పి చూశాను. అదే. రేపు మళ్లీ కలపాలి. తొందరయ్యకు చెప్పాలి.”

మర్నాడు: “జ్వరం. లేవలేదు. గుర్రాన్ని తొందరయ్య అప్పగించి వచ్చాడు.”

ఆ తర్వాత మూడు పేజీలు వాడి మీద తిట్లు.

రెండు అలమారాల పుస్తకాలు చదివినవాణ్ణి. నా పేజీ ఒక్కటి వెనక్కి తిప్పలేదు.

జూన్ 7
టేపు ముక్క కోసి జేబులో వేసుకున్నాను.

జూన్ 8
సైకిల్ షాపుకు వెళ్లాను. వాడు స్టూలు తుడిచి వేశాడు. టేపు ముక్క చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు.

“ఇంకా ఊడలేదా అన్నయ్యా? మంచి టేపే కొన్నావు.”

పాపకు చేయి కాలిన సాయంత్రమే గుర్రాన్ని విప్పి చూశాడట. మరెందుకు నోరు విప్పలేదని అడిగాను. ముందు మా ఇంటికే వచ్చి నా భార్యకు చెప్పాడట. ట్యూబు నీళ్లలో ముంచి, బుడగలు వెతుకుతూ మిగతాది చెప్పాడు.

“‘ఆయనకు పని తప్ప ఇంకో దిక్కు లేదు మరిదిగారూ, అది కూడా తీసెయ్యకండి’ అంది వదిన. ఆ మాట తీసెయ్యలేకపోయాను.”

ఆవిడకు తెలుసు. పదకొండేళ్లు సొంత చెల్లెల్ని చూడకుండా నాకు అన్నం పెట్టింది. నేను వాణ్ణి తిట్టినప్పుడల్లా మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లేది. వచ్చేసరికి చాలాసేపు పట్టేది.

జూన్ 9
ఎర్త్ విప్పింది నేనని ఓనర్‌తో చెప్పాను, స్టాఫ్ అందరి ముందూ. ఇప్పుడవన్నీ ఎవరికి గుర్తున్నాయి పెద్దాయనా అని నవ్వాడు.

జూన్ 10
తోడల్లుడు వచ్చాడు. మోటారు మార్చాం. ఎర్త్ వాణ్ణే కలపమన్నాను. తలుపూ వాడే మూశాడు. నేను తీసి చూడలేదు.

చెప్పులు విప్పి గుర్రం ఎక్కాను. రెండు చేతులా మెడ పట్టుకున్నాను. కాయిన్ వాణ్ణే వెయ్యమన్నాను.