పదకొండో నంబర్ ఇంటి తలుపు

జనవరి 15, ఆదివారం

గ్యాస్ పోయింది. మా పదకొండో నంబర్ ఇంట్లోనే కాదు, కొండ మీది వీధి మొత్తం. రోడ్డు కింద నీళ్ళ పైపు పగిలి, ఆ నీళ్ళు గ్యాస్ పైపులోకి దూరాయట. ముందుగదిలో తమ్ముడు క్లైవ్ కుర్చీ పక్కనున్న గ్యాస్ హీటర్ రెండుసార్లు టపటపలాడి ఆరిపోయింది. బయట మంచు. వాడికి రెండు స్వెట్టర్లు తొడిగి, కరెంటు కెటిల్లో కాచిన వేడినీళ్ళ బాటిల్ ఒళ్ళో పెట్టాను. తల పగిలిపోతోందన్నాడు. ఇవాళ ఏ వారమక్కా అని మూడోసారి అడిగాడు.

జనవరి 16, సోమవారం, ఉదయం 10

కంపెనీవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. తలుపుకున్న ఉత్తరాల కంతలోంచి ఒకతను అరిచి చెప్పాడు. ప్రతి ఇంట్లోనూ మీటర్ దగ్గర వాల్వు కట్టేస్తేగానీ పైపులోకి మళ్ళీ గ్యాస్ వదలరట. ఒక్క ఇల్లు మిగిలినా వీధి వీధంతా ఆగాల్సిందేనట. తర్వాత వాళ్ళే వచ్చి హీటర్లన్నీ చూసి వెలిగించిపోతారట. లోపల ఎవరైనా ఉన్నారా అమ్మా, రెండు నిమిషాల పని అన్నాడు.

నేను మెట్ల కింద, ఆ మీటర్ పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టాను.

ఎలా తీస్తాను? కిందటి అక్టోబర్లో తనిఖీకి వచ్చినతను మా హీటర్‌కి ఎర్ర చీటీ కట్టాడు. దీన్ని వెలిగించొద్దన్నాడు. అతను వీధి మలుపు తిరగ్గానే కత్తెరతో ఆ చీటీ కత్తిరించి చెత్తలో పడేశాను. అమ్మ రోజుల నుంచీ వెలుగుతున్న హీటర్, పాతదైతే మాత్రం ఏం? గోడకున్న గాలి కంతలోంచి చలి కొడుతోందని పాత మేజోళ్ళు కుక్కిందీ నేనే. ఈ శీతాకాలం మొదలైనప్పటి నుంచీ క్లైవ్‌కి మతి నిలవడం లేదు. హీటర్ పీకేశారంటే, ఇలాంటి మనిషిని చలికొంపలో ఎలా ఉంచుతావని ఊరి కౌన్సిల్ వాళ్ళు వాణ్ణి ఏదో హోమ్‌లో పడేస్తారు. వాడు తప్ప నాకెవరున్నారు.

సోమవారం, సాయంత్రం 4

మళ్ళీ వచ్చారు. లైటార్పేశాను. క్లైవ్ లేచి, ఎవరో పిలుస్తున్నారక్కా, తలుపు తియ్యనా అన్నాడు. నోర్మూసుకుని కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

జనవరి 17, మంగళవారం

మేం ఒక్కళ్ళమే మిగిలాం. కిటికీ కిందే నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ ముసల్ది ఎక్కడికి పోయి చచ్చింది, దాని మూలాన మేమంతా ఐసుముక్కలవుతున్నాం అని ఎదురింటి డెరెక్ కేకలు. ఊరుకో డెరెక్, బెరిల్ ఆంటీ అలాంటి మనిషి కాదు, విట్బీలో చుట్టాలింటికి వెళ్ళుంటారు అంది పక్కింటి కర్‌స్టీ. కంపెనీ ఇంటికి రెండు కరెంటు హీటర్లు పంచిందట గానీ, అందరూ ఒకేసారి పెడితే వీధిలో కరెంటే పోతోందట.

కర్‌స్టీ పాపకి అయిదు వారాలు. గోడ అవతల దాని ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. సిగ్గుగా ఉంది. అయినా తియ్యలేదు.

జనవరి 18, బుధవారం, ఉదయం

క్లైవ్ తలనొప్పి అనలేదు. ఓట్స్ గంజి రెండు గిన్నెలు తాగాడు. ఇవాళ బుధవారం కదా, చెత్తబండి వస్తుంది అన్నాడు! వాడి ఒంటికి చలే పడుతుందేమో. నాకూ తల తేలిగ్గానే ఉంది.

మధ్యాహ్నం 3

పాప ఏడుపు ఆగింది.

3.20

నిద్రపోయుంటుంది. నిద్రే.

3.40

అంబులెన్స్. కర్‌స్టీ కాళ్ళకి ఏమీ లేకుండా మంచులో పరిగెత్తింది.

తలుపు తీశాను.

జనవరి 19, గురువారం

నిన్న వచ్చిన ఇంజనీరు పేరు కాల్విన్. వాల్వు కట్టి, హీటర్ వెనక టార్చి వేసి చూశాడు. పొగగొట్టం నిండా కాకిగూటి పుల్లలు. గాలి కంతలోంచి మేజోళ్ళు ఒక్కొక్కటే లాగుతుంటే అతని మొహం మారిపోయింది. అమ్మా, విషవాయువు ఇన్నాళ్ళూ ఈ గదిలోకే వస్తోంది, మీ తమ్ముడికి తలనొప్పి, మతిమరుపు దీనివల్లే అయుంటాయి, గ్యాస్ పోబట్టి బతికిపోయారు అన్నాడు. రోజూ వాణ్ణి ఆ హీటర్ పక్కన కూర్చోబెట్టి దుప్పటి కప్పింది నేను.

మరి తలుపెందుకు తియ్యలేదు అన్నాడు. గుమ్మంలో డెరెక్ నిలబడి వింటున్నాడు. మా తమ్ముడు తాళంచెవి దాచేశాడు బాబూ, వాడికి మతి సరిగ్గా లేదు అన్నాను. నోటికి ఎలా వచ్చిందో తెలియదు.

జనవరి 20, శుక్రవారం

వీధికి గ్యాస్ వచ్చింది. మాకు కరెంటు హీటరిచ్చారు. పాప ఒళ్ళు వెచ్చబడిందట, పాలు తాగుతోందట. వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. డెరెక్ భార్య కేకు తెచ్చి, ఈ మనిషితో ఎలా వేగుతున్నారో పాపం అంది. క్లైవ్ వైపు చూడనైనా లేదు.

జనవరి 23, సోమవారం

క్లైవ్ రక్తం పరీక్ష బాగానే వచ్చింది. ఇక మెల్లగా అన్నీ గుర్తొస్తాయంది డాక్టరమ్మ. అన్నీనా అని అడిగాను.

జనవరి 24, మంగళవారం

క్లైవ్ పేపరు కోసం ఒక్కడే వెళ్ళి, దారి తప్పకుండా తిరిగొచ్చాడు. దారిలో డెరెక్ ఏదో అన్నాడట. కోటు విప్పకుండానే నా ఎదురుగా కూర్చున్నాడు. తాళంచెవి నేనే దాచానా అక్కా అని అడిగాడు.

అవునన్నాను.