కంప్యూటర్‌లో దాక్కున్న కవర్

శాలిబండ, ఆదివారం రాత్రి

ఇంకా నమ్మలేకపోతున్నాను. నా చేతులతో బిగించుకున్న కంప్యూటర్ రెండు నెలలుగా సతాయిస్తోంది. పెళ్లి వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే చాలు, నత్తలా నడిచి టప్పున ఆగిపోతుంది. విండోస్ మళ్లీ వేశాను, ర్యామ్ మార్చాను. తమ్ముడి గేముల వల్లేనని వాడితో మాటలు కూడా మానేశాను.

ఈరోజు ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్ విప్పితే, దాని రాగి అడుగుకు పల్చటి ప్లాస్టిక్ కవర్ అంటుకుని ఉంది! ప్రాసెసర్ వేడి ఫ్యాన్‌కు చేరక, ఇన్నాళ్లూ కాగిపోయి ఆగిపోతోందన్నమాట. బిగించేముందు పీకేసినట్టు నాకు బాగా గుర్తు.

తలుపు దగ్గర నిలబడ్డ బాపు మెల్లగా అన్నాడు: "నువ్వు చాయ్ తాగనీకి పోయినవ్ గదా, గప్పుడు నేనే మళ్ల అతికించిన బిడ్డా. కొత్త సామాన్ మీద గీతలు పడ్తయని..."

ఫ్రిజ్‌కూ కవరే, సోఫాకూ కవరే, సరే. లోపల ఎవరికీ కనబడని దానికి కూడానా? నేనైనా చూడకుండా ఎలా బిగించాను?

కవర్ తీశాక వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు. తమ్ముడితో రేపు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను...

ఇందాక టీవీ కట్టేద్దామని రిమోట్ అందుకుంటే చేతికి కొత్తగా తగిలింది. కొన్ననాటి నుంచీ ఉన్న కవర్ లేదు. బాపు పీకేశాడు.