గౌరికి నయమని రాయమంది

సూళగిరి దగ్గర మా ఊరు,
14-8-2024, బుధవారం

ఆవుల డాక్టరమ్మ ఆశ గారికి అంజినమ్మ నమస్కారాలు. ఈ వానల్లో, మట్టిదారుల్లో మీరూ మీ స్కూటరూ జారిపడకుండా తిరుగుతున్నారని నమ్ముతాను.

పాముకాటుకు మందు వేయించిన పశువులు తర్వాత ఎట్లా ఉన్నాయో చూసే పరిశోధన కదా మీది. గౌరి సంగతి వారం వారం రాసి, హోసూరు పోయే పాలవ్యాను మారియప్పకు ఇమ్మన్నారు. ఆవు మా పక్కింటి వెంకటసుబ్బమ్మది. ఆమెకు రాత రాదు. ఐదు చదివిన నేను రాస్తున్నాను.

ఆమె పుట్టకు పాలు పోసి మొక్కు తీర్చుకుంది. గౌరికి నయమని, బాగా మేస్తోందని, మీకు దండాలని రాయమంది. రాశాను.

ఇక నా మాట. ఆ ఆవును చూస్తే నాకు కడుపుమంట. పోయినేడు కొత్తిమీర మడిలో మా ముత్తును కూడా రక్తపింజరే కరిచింది. ఆసుపత్రిలో మందు ఎక్కించారు. గౌరికి వేసిందీ అదే మందని మీరే చెప్పారు. నా కొడుకు నడిచి బయటికొచ్చాడు. నయమైందని కాగితం ఇచ్చారు. ఆ వారంలోనే ఇంట్లో పోయాడు. ఆ కాగితంలో వాడికి ఇంకా నయంగానే ఉంది.

మీరు వచ్చి గౌరి చెవులు పట్టి చూస్తారు, మేసిందా, పడుకుందా అని అడుగుతారు. నేను గోడకు ఇవతల నిలబడి పళ్లు కొరుక్కుంటాను. మొన్న ఉండబట్టలేక వెంకటసుబ్బమ్మతో అనేశాను, నీ ఆవుకుండే యోగం నా బిడ్డకు లేకపోయెనే అని.

"ఆవు మీద కూడా కుళ్లుకుంటావా అంజినమ్మా, యాడన్నా ఉందా ఇది" అనింది.

ఉంది. ఈడే ఉంది.

మనుషులకు ఇట్లాంటి పరిశోధన చేసేవాళ్లు మీకు తెలిస్తే మా ఇంటికి పంపండి. ముత్తుకు తర్వాత ఎట్లా ఉండిందని ఒక్కరైనా అడగాలి. చెప్పడానికి నేనున్నాను.

చెయ్యి నొస్తోంది, ఆపుతాను.

మీ మీద కోపం లేని
ముత్తు వాళ్లమ్మ, అంజినమ్మ

మరో మాట: గౌరికి నయం కాలేదు. నిన్నటి నుంచి ఉచ్చ పోయలేదు, గడ్డి ముట్టలేదు. మొక్కు తీర్చినాక జబ్బని నోటితో అంటే నాగమ్మ కోప్పడుతుందని వెంకటసుబ్బమ్మ భయం. నిన్న గోడ మీంచి చూసి, పోనీ, నా కడుపుకోత ఆమెకూ తెలియనీ అనుకున్నాను. మా ముత్తుకూ ఇట్లే మొదలైంది. ఉచ్చ ఆగితే పరుగున రమ్మని మాకు చెప్పినవాళ్లు లేరు. ఫోను చేశాను, మీరు ఎత్తలేదు. మారియప్ప వ్యాను ఆపుకొని నిలబడ్డాడు. చూసిన వెంటనే రండి. ఆమె తిట్టినా సరే, మీరు వచ్చేదాకా గౌరి దగ్గరే కూర్చుంటాను.