చల్లటి బండికి జ్వరం

శుక్రవారం, కాడుగోడి

నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది. ఒక్క మాట వదలొద్దన్నాను.

కోడలు గౌరి నడిపే డీజిల్ వ్యాన్ వారం రోజులుగా మొరాయిస్తోంది. సైలెన్సర్ మితిమీరి కాలుతోందని ఎర్రదీపం వెలగడం, బండి ఈడ్చుకుంటూ పోవడం. మెకానిక్ సైలెన్సర్ మొత్తం మార్చాలన్నాడు, దానికి వారం పడుతుందట. అన్నాళ్ళు బండి ఆగితే, దాన్ని బాడుగకు పెట్టుకున్న అత్తిబెలె ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో వ్యాన్ పెట్టుకుంటారు.

పొద్దున బండికి పసుపు కుంకుమ పెట్టబోయాను. గౌరి ఇంజన్ వేయకుండా తాళం తిప్పి, బండి నుంచి ఫోన్‌లోకి వచ్చే ఏవో అంకెలు చూస్తోంది.

"అత్తా, సైలెన్సర్ ముట్టుకో."

"సల్లగా ఉండాది."

"ఈడ నాలుగు నూర్ల డిగ్రీలు సూపిస్తా ఉండాది. సైలెన్సర్ బాగుండాది, వేడి కొలిచే సెన్సరే అబద్ధం చెప్తా ఉండాది."

మెకానిక్ వచ్చాక అతనితోనూ అదే అంది. అతను నసిగాడు.

"ఏమప్పా, రాత్రంతా పడుకున్న బండికి జ్వరమెట్లా వస్తాది?" అన్నాను. అతను సెన్సర్ ఒక్కటే మార్చాడు.

సాయంత్రం గౌరి అత్తిబెలె నుంచి తిరిగొచ్చింది. దారిలో దీపం వెలగలేదట. మళ్ళీ వెలిగితేనో అని నాకింకా గుబులే. గౌరి మాత్రం ఏమీ జరగనట్టు చపాతీలు ఒత్తుతోంది. అంత ధైర్యం, అంత తెలివి నేనెక్కడా చూడలేదు. దాని ముఖాన మాత్రం చెప్పను. రాస్తున్నది దాని కూతురే, చెబితే చెప్పనీ.