వంకర కుట్ల బొంత

అమ్మాయీ,

నాన్న దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. ఒక్కణ్ణే కనక 'మేమందరం' అని రాయడానికి వీల్లేదు. అక్కడ నువ్వూ అల్లుడూ పిల్లదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. కోపం తగ్గాక జవాబు రాద్దామని ఆగాను. తగ్గలేదు. అందుకని రాసేస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కన్ను బాగానే ఉంది, మూడోసారికి సూదిలో దారం ఎక్కుతోంది. డాక్టరు చదవడం తగ్గించమన్నాడు. ఈ ఊరి లైబ్రరీలో నాకంటే ఎక్కువ పుస్తకాలు తిన్నవి చెదపురుగులే, ముందు వాటికి చెప్పమన్నాను. మెట్ల కింద రెడీమేడ్ కొట్టువాడు ఇంకా వర్ధిల్లుతూనే ఉన్నాడు. వాడమ్మే చొక్కాల గుండీలు మాత్రం కొన్నవాడు ఇల్లు చేరేలోపే రాలిపోతున్నాయి.

ఇక బొంత సంగతి. "అమ్మ కుట్లన్నీ వేసేసింది నాన్నా, చుట్టూ అంచు ఒక్కటి మిషన్ మీద వేసి పంపు, రెండ్రోజుల పని" అని, మీ అమ్మ దినాలు కాగానే నా ఒళ్లో పెట్టి వెళ్లావు. నాలుగు నెలలైంది. మిషన్ బెల్టు తెగిందని ఒకసారి, అంచుకి రంగు కలవలేదని ఒకసారి రాశాను. రెండూ అబద్ధాలే.

మీ అమ్మ సంగతి నీకు తెలియంది కాదు. నేను పైన కత్తెర ఆడిస్తుంటే బల్ల కింద చతికిలబడి రాలిన ముక్కలు ఏరుకునేది. అరచేతికి మించినవి ఒక సంచిలోకి, చిన్నవి ఇంకో సంచిలోకి, వేలెడు పీలికలు దిండులోకి.

"ఆ చెత్తంతా ఎందుకే?" అంటే, "మీరు పారేసిందల్లా చెత్తే అయితే ఈ ఇంట్లో నేనూ మిగలను కదా" అనేది.

ఈ బొంత మీద కుట్లు చూసి ఎన్నిసార్లు వెక్కిరించానో. "ఏమిటే ఇది, తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టుంది?" అనేవాణ్ణి. "కప్పుకునేవాళ్లకి వెచ్చగా ఉంటే చాలు. స్కేలు పెట్టుకుని ఎవరూ పడుకోరు" అని నవ్వేది.

నలభై ఏళ్లు కటింగ్ మాస్టర్ని. అంచు వేద్దామని బొంతని బల్ల మీద పరిచాను. నాలుగు వైపుల నుంచీ తిన్నగా వచ్చిన కుట్లు నడిమధ్యకి రాగానే మెలికలు తిరిగిపోతున్నాయి. దర్జీ పెళ్లాం కుట్టిన బొంత ఇదా అని మీ ఇంటికొచ్చినవాళ్లు నవ్వరూ? ఆ మంటలో బ్లేడు తీసుకుని మధ్యలో కుట్లన్నీ విప్పేశాను, తిన్నగా నేనే కుట్టేద్దామని. మూడు రోజులు పట్టింది. చివరికి చూస్తే మీ అమ్మ దారం నా గుప్పిట్లో ఒక ఉండ. చదువు రాని మనిషి, ఆవిడ చేతి గుర్తు ఇంకెక్కడా లేదు. అది నేనే విప్పి పోగేశాను.

సరిగ్గా అప్పుడు వచ్చింది నీ ఉత్తరం. "మావయ్య వచ్చాడు. ఆ బొంత అక్క నాకోసం మొదలుపెట్టింది, మీ నాన్న ఇస్తాడా అని అడిగాడు. ఏం చెప్పమంటావు?" అని.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి నాకేమీ కాడని నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. నా బల్ల దగ్గర పదకొండేళ్లు పని నేర్చుకుని, హెడ్మాస్టరు కోటు పాడుచేసి, మొహం చెల్లక పారిపోయాడని చెప్పాను. ఇరవై రెండేళ్లుగా మన గడప తొక్కలేదు. 'ఇచ్చేది లేదు' అని ఆ రోజే కార్డు రాశాను. పోస్టు చెయ్యలేదు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

ఎందుకు వెయ్యలేదో చెబుతాను. కుట్లు విప్పిన చోట పై పొర ఎత్తి చూశానమ్మా. లోపల, పాత దుప్పటి పొర మీద, రెండు కోటు చేతులు పక్కపక్కన పరిచి ఉన్నాయి. బూడిదరంగు సూటుగుడ్డ. నా సుద్దగీత ఇంకా చెరగలేదు. రెండూ ఎడమ చేతులే.

ఆ హెడ్మాస్టరు తెచ్చిన గుడ్డ పావు మీటరు తక్కువ. గుడ్డ మడతపెట్టి కోస్తే కుడిచెయ్యీ ఎడమచెయ్యీ వాటంతటవే వస్తాయి. మడతకి చాలక విడివిడిగా కోశాను. రెండోదానికి కాగితం అచ్చు తిరగేసి పెట్టాలి. మరిచిపోయాను. మరిచింది నేను. మీ మావయ్య కాదు.

ఎల్లుండి రిటైర్మెంటు సభ అనగా ఆయన కొట్టు నిండా జనంలో నిలబడి "ఎవరయ్యా కోసింది?" అని అరిచాడు. "మా బావమరిది" అన్నాను. వాడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నావైపు చూశాడు.

"నేనా, బావా?"

"నువ్వు కాక నేనా?"

మెళ్లో టేపు తీసి, చుట్టచుట్టి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఊళ్లో ప్రతి కొట్టుకీ వెళ్లి ఆ కథ నేనే చెప్పాను. ఆ తర్వాత ఎవరూ వాడి చేతికి కత్తెర ఇవ్వలేదు. నా అంతటి పనివాడు ఫ్యాక్టరీలో గుండీలు కుడుతూ ముసలివాడైపోయాడు.

మీ అమ్మ ఆ చేతులు ఏరుకుపోయింది. సుద్దగీత ఎవరిదో ఆవిడకి తెలియదా? ఒక్క మాట అనలేదు. నేను వెక్కిరించిన మెలికలు ఆ చేతుల అంచులేనమ్మా. సూది వాటి చుట్టూ తిరిగింది. తేలు కుట్టిన దొంగలా ఆ బల్ల ముందు కూర్చున్నాను. ఇప్పటికీ నా కోపం ఆవిడ మీదే. మొహం మీద అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పి గెలిచేవాణ్ణి. అడక్కుండా వెళ్లిపోయింది. ఇప్పుడు ఎవరితో వాదించను?

గుడ్డ మీద ఆవిడ సూది బెజ్జాలు మిగిలే ఉన్నాయి. భూతద్దం పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా ఆ బెజ్జాల్లోనే మళ్లీ కుట్టాను. తిన్నగా కుట్టడం మరిగిన చేతికి వంకరగా కుట్టడం ఎంత కష్టమో ఈ వయసులో తెలిసింది. కోటు చేతుల్ని మాత్రం మళ్లీ లోపల దాచలేదు. పైనే పెట్టి కుట్టాను, నడిమధ్యన, ఎవరు చూసినా కనబడేలా. అంచు మిషన్ మీద వేశాను. అదొక్కటే తిన్నగా ఉంటుంది.

కార్డు చించేశాను. హెడ్మాస్టరు పోయాడు కానీ లేకపోతే ఆయనకీ ఒకటి రాసేవాణ్ణి, తప్పు నాదే, గుడ్డ తక్కువ తెచ్చింది మాత్రం నువ్వేనయ్యా అని.

రేపు పార్సిలు చేస్తున్నాను. మీ మావయ్యకి ఇవ్వు. నువ్వేమీ చెప్పనక్కర్లేదు. వాడు దర్జీ, పరిస్తే చాలు. కప్పుకున్నాడో, విసిరికొట్టాడో నాకు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని అబద్ధం మాత్రం రాయకు. ఈ ఇంట్లో ఆ పని నేను చాలా చేశాను.

ఇట్లు,
నీకు నాన్న,
మీ మావయ్యకి బావ.